పదహారు చూసి భయపడ్డారు, పదమూడును వదిలేశారు

పేరు రాయొద్దన్న ఈ పాఠకుడిది హైదరాబాద్. వయసు 31. కిందటి ఏడాది ఓ సెకండ్‌హ్యాండ్ టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కొన్నారు. 1.2 లీటర్ ఇంజన్, డైరెక్ట్ ఇంజెక్షన్. అమ్మినాయన 2022 మొదట్లోనే దానికి రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగ్‌లు మార్చడం) చేయించి, టర్బో నుంచి పొగని కిందికి తీసుకెళ్ళే డౌన్‌పైప్‌ని లావుపాటిది వేయించి, డ్యాష్‌బోర్డు మీద ఎరుపు, పసుపు, పచ్చ లైట్లు వెలిగే చిన్న మిక్చర్ మీటర్ ఒకటి పెట్టించుకున్నారట. బండి బాగానే నడుస్తోంది. డల్లాస్ నుంచి వచ్చిన బావగారు ఒక పాలు పెట్రోల్‌కి ఎన్ని పాళ్ళ గాలి కలుస్తోందో అంకెల్లో చూపే ఓ వైడ్‌బ్యాండ్ గేజ్ తెచ్చివ్వడంతో గొడవ మొదలైంది. ఉత్తరంలో ఆయన రాసిన ముక్కలు కొన్ని ఇవి:

“పొద్దున స్టార్ట్ చేసిన కాసేపటికి ఐడ్లింగ్‌లో గేజ్ 16.2 చూపిస్తుంది. ఇరవై నిమిషాలు నడిపాక 15.1కి దిగుతుంది. ఓఆర్ఆర్ మీద నిలకడగా పోతుంటే 14.7, 14.8. బండి కంప్యూటర్‌ని చదివే ఓబీడీ యాప్‌లో కంపెనీ సెన్సర్ మాత్రం ఐడ్లింగ్‌లో ఎప్పుడు చూసినా 1.00 అంటుంది. లాంగ్ టర్మ్ ట్రిమ్ (ఇంజన్ కంప్యూటర్ తనంతట తాను పెట్రోల్‌ని ఎంత శాతం సర్దుకుంటోందన్న లెక్క) ప్లస్ 6. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే గేజ్ 20కి ఎగిరి, తర్వాత గీతలు చూపిస్తుంది. పైగా ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌కి 14.7 కాదు, 13.5 ఉండాలని చదివాను. అంటే మామూలుగా వెళ్ళేటప్పుడు కూడా లీన్‌లోనే, అంటే గాలి ఎక్కువ పెట్రోల్ తక్కువగానే నడుపుతున్నానా? ర్యాంప్ మీద మూడో గేర్‌లో చివరిదాకా తొక్కితే 11.8 దగ్గర మొదలై 5000 దాటాక 13 దాకా పోతుంది. కానీ అప్పుడు పాత మీటర్‌లో పచ్చ లైట్లన్నీ వెలిగే ఉంటాయి కాబట్టి అది పర్లేదనుకుంటున్నా.

“రీమ్యాప్ చేసినాయన్ని వెతికి పట్టుకుని అడిగితే ‘గేజ్ పీకేయ్ తమ్ముడూ, ఉన్నన్నాళ్ళూ టెన్షనే’ అన్నాడు. బావేమో 11.5 దాటితే పిస్టన్లు పోయినట్టేనని వాట్సాప్‌లో రోజూ భయపెడుతున్నాడు. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యారు. పొద్దున బండి తీయగానే టిక్ టిక్ మంటోంది, చూపించరా అంటారు. ఆయనకు తెలిసింది డీజిల్ బస్సులు, అందుకే పట్టించుకోలేదు. నా భార్య అయితే పక్కన కూర్చోవడమే మానేస్తానంటోంది. ఎవరైనా బండెక్కితే గేజ్ ఫ్యూజ్ పీకేస్తున్నాను. రాత్రి పడుకుంటే కళ్ళ ముందు అంకెలే. గేజ్‌ని నమ్మాలా, ట్యూనర్‌ని నమ్మాలా, బండి అమ్మేయాలా?”

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ నిద్ర చెడగొడుతున్న అంకెల్లో చాలావాటికి అంత భయం అక్కర్లేదు. మీరు ఒక్క వాక్యంలో చెప్పేసి “పర్లేదనుకుంటున్నా” అని దాటేసిన చోటే నేను ఆగాను. అక్కడికి వస్తాను గానీ, ముందు తేలికవి తేల్చేద్దాం.

గేజ్ పెట్రోల్‌ని చూడదు. సైలెన్సర్ గొట్టంలో దూర్చిన ఆ సెన్సర్ చివర ఓ చిన్న గది ఉంటుంది. లోపలికి వచ్చిన పొగలో ఆక్సిజన్ మిగిలి ఉంటే దాన్ని బయటికి తోడుతుంది, కాలని ఇంధనం మిగిలి ఉంటే దానికి సరిపడా ఆక్సిజన్‌ని లోపలికి తెస్తుంది. అలా గదిలో లెక్క సమం చేయడానికి ఎంత కరెంటు, ఏ దిక్కున పంపాల్సి వచ్చిందన్నదే దాని సమాధానం. కరెంటు సున్నా అయితే గాలి, ఇంధనం సరిగ్గా సరిపోయాయని అర్థం. దాన్నే ల్యాంబ్డా 1 అంటారు. అంతకన్నా ఎక్కువైతే లీన్, తక్కువైతే రిచ్, అంటే పెట్రోల్ ఎక్కువ. 14.7, 11.8 లాంటివి సెన్సర్‌కు తెలియవు. దానికి తెలిసిన ల్యాంబ్డాని గేజ్ డబ్బా 14.7తో గుణించి మీకు చూపిస్తుంది.

మీ ఈ20 భయం ఇక్కడే తీరిపోవాలి. ఇథనాల్ కలవని పెట్రోల్‌కి సమపాళ్ళు 14.7, పది శాతం కలిస్తే సుమారు 14.1, ఇరవై శాతం కలిస్తే సుమారు 13.5. మీరు చదివింది తప్పు కాదు. కానీ మీ గేజ్‌కి ట్యాంకులో ఏం పోశారో తెలియదు. ఈ20 ఇంజన్‌లో సమంగా కాలినా ల్యాంబ్డా 1 అనే అంటుంది, దాన్ని 14.7తోనే గుణించి 14.7 అనే చూపిస్తుంది. కాబట్టి ఓఆర్ఆర్ మీద 14.7 కనబడటమే సరైన సంగతి. నా మాట విని గేజ్ సెట్టింగ్‌లో ల్యాంబ్డాకి మార్చేయండి. చాలా గేజ్‌లకు ఆ వీలుంటుంది. అప్పుడు ఏ పెట్రోల్ పోసినా సమం అంటే ఒకటే, ఓబీడీ యాప్‌తో పోల్చుకోవడమూ సులువు.

కాలు తీసినప్పుడు 20, తర్వాత గీతలు రావడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గేర్‌లో ఉండగా యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్, అదే ఈసీయూ, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లను మూసేస్తుంది. అప్పుడు సైలెన్సర్‌లోంచి వెళ్ళేది ఉత్త గాలి. గాలిని గాలి అని చెప్పినందుకు గేజ్‌ని కోప్పడి లాభం లేదు.

ఇక ఐడ్లింగ్‌లో 16.2. ఇంజన్ నిజంగా అంత లీన్‌గా ఉంటే కంపెనీ సెన్సర్ కూడా ఆ మాటే అనాలి. అది 1.00 అంటోంది. ఒకే గొట్టంలో ఇద్దరు సాక్షులు, ఇద్దరిదీ వేర్వేరు మాట. అయితే ఒకరి సెన్సర్ పాడై ఉండాలి, లేదంటే ఇద్దరికీ మధ్యలో ఏదో జరుగుతుండాలి. మీ సెన్సరే పాడైతే తేడా అన్నిచోట్లా ఏదో ఒక రకంగా కనబడాలి, కానీ ఓఆర్ఆర్ మీద రెండూ కలుస్తున్నాయి. తేడా ఐడ్లింగ్‌లో ఎక్కువ, బండి వేడెక్కితే తక్కువ, వేగం అందుకుంటే దాదాపు లేదు. దీనికి మీ నాన్నగారి టిక్ టిక్ కలిపి చూడండి.

ఎగ్జాస్ట్ కీలు దగ్గర సన్నటి సందు ఉంటే చల్లటి ఇంజన్ టిక్ టిక్ మంటుంది. లోహం వేడికి వ్యాకోచించాక సందు చాలావరకు మూసుకుని శబ్దం తగ్గిపోతుంది. ఐడ్లింగ్‌లో పొగ ఒకే ధారగా రాదు, గుప్పు గుప్పుమంటూ వస్తుంది. ఒక్కో గుప్పు వెళ్ళాక వెనక క్షణంపాటు ఒత్తిడి పడిపోయి, ఆ సందులోంచి బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. ఆ గాలిలోని ఆక్సిజన్ మీ వైడ్‌బ్యాండ్‌ని తాకితే అది లీన్ అంటుంది. వేగం పెరిగితే పొగ ధార గట్టిపడుతుంది, పీల్చిన గాలి పాలు లెక్కలోకి రానంత తగ్గిపోతుంది. మీ మూడు అంకెలూ, 16.2, 15.1, 14.7, సరిగ్గా ఆ కథే చెప్తున్నాయి. మీ బండిలో కంపెనీ సెన్సర్ టర్బో నోటి దగ్గరే ఉందని, వైడ్‌బ్యాండ్ అక్కడికి రెండడుగుల కింద ఉందని రాశారు. టర్బోకి డౌన్‌పైప్‌ని బోల్టులతో కలిపే అంచు, అదే ఫ్లాంజ్, ఆ రెంటికీ మధ్యలో పడుతుంది. అక్కడ సీలుగా ఉండే గాస్కెట్ పోయి ఉంటుందని నా అనుమానం. చల్లటి ఇంజన్ మీద టార్చ్ వేసి ఫ్లాంజ్ అంచు చూడండి. కాటుక గీసినట్టు నల్లటి మరక కనిపిస్తే ఇంకో పరీక్ష అక్కర్లేదు. కనబడకపోతే స్మోక్ టెస్ట్ చేసే షెడ్‌కి తీసుకెళ్ళండి.

సందు కంపెనీ సెన్సర్‌కి ముందు, టర్బోకి పైన ఉంటే సంగతి వేరేలా ఉండేది. అప్పుడు ఈసీయూ కూడా మోసపోయి, లేని లీన్‌ని సరిచేయడానికి ఐడ్లింగ్‌లో పెట్రోల్ కలుపుతూ పోయేది, ట్రిమ్‌లు అక్కడ బాగా పైకి ఎక్కేవి. మీకు ట్రిమ్ ప్లస్ 6 దగ్గర ఉంది, పది దాటలేదు. ఆ ఆరులో కొంత మన పెట్రోల్ పుణ్యమే, దాని గురించి కిందే చెప్తాను. కాబట్టి ఐడ్లింగ్‌లో మీ ఇంజన్ సుఖంగానే ఉంది. అబద్ధం చెప్తున్నది కీలు.

ఒక్క మాట అడ్డొస్తున్నా ఏమీ అనుకోకండి. ఆర్టీసీ బస్సులకూ టర్బోలు ఉంటాయి. పొద్దున్నే డిపోలో వరసగా నిలబడ్డ బస్సుల్లోంచి ఫలానా బండి గాస్కెట్ పోయిందని చెవితో పట్టే మనిషికి ఇంజన్‌లో పోసింది డీజిలా పెట్రోలా అన్నది పట్టింపు కాదు. నాలుగు పేజీల మీ ఉత్తరంలో రోగాన్ని కచ్చితంగా పట్టింది ఆయన ఒక్కరే.

ఇప్పుడు పాత మీటర్. బూస్ట్‌లో, అంటే టర్బో ఇంజన్‌లోకి గాలిని గట్టిగా నెట్టేటప్పుడు, పచ్చ లైట్లు వెలిగాయని 13ని వదిలేశారు చూశారూ, ఆ ధైర్యం అరువు తెచ్చుకున్నది. లైట్ల మీటర్ న్యారోబ్యాండ్ సెన్సర్ వైరుకు తగిలిస్తారు. ఆ రకం సెన్సర్ చెప్పేది ఒక్క ముక్కే: సమం కన్నా రిచ్చా, లీనా? రిచ్ అయితే 0.8, 0.9 వోల్టులు (మీటర్‌లో పచ్చ), లీన్ అయితే 0.1 దరిదాపు (ఎరుపు), మధ్యలో 0.45 దగ్గర నిటారుగా దూకుతుంది. 1976లో వోల్వో కార్లలో మొదటిసారి వచ్చినప్పటి నుంచీ దాని పని అదే, ఆ పని చక్కగా చేస్తుంది. కానీ ఎంత రిచ్ అని అడిగితే నోరు మెదపదు. ల్యాంబ్డా 0.78 అయినా, 0.88 అయినా దాని వోల్టేజీలో తేడా అత్యల్పం. ఆ కాస్త తేడా కూడా సెన్సర్ ఎంత వేడిగా ఉందన్న దాన్నిబట్టి మారిపోతుంది. ఫుల్ బూస్ట్‌లో పచ్చ లైట్లన్నీ వెలగడమంటే ఇల్లు తగలబడలేదని తెలిసిందంతే, గ్యాస్ లీకవుతోందో లేదో దానికి తెలియదు.

అయితే ఆ మీటర్ తెలియకుండా ఇంకో నిజం చెప్పేసింది. మీ తరం బళ్ళలో ముందు సెన్సర్ వైడ్‌బ్యాండే కాబట్టి పాత ఓనరు దీన్ని వెనక సెన్సర్‌కే కలిపి ఉంటారు. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ సవ్యంగా ఉన్న బండిలో దాని వెనక ఉన్న సెన్సర్ నిలకడగా 0.6, 0.7 వోల్టుల దగ్గర కూర్చుంటుంది. మీరేమో మామూలుగా వెళ్ళేటప్పుడు లైట్లు ఎరుపు నుంచి పచ్చకి, పచ్చ నుంచి ఎరుపుకి గెంతుతుంటాయని, డౌన్‌పైప్‌లో కన్వర్టర్ ఉందో లేదో అమ్మినాయన చెప్పలేదని రాశారు. నాకు లేదనే అనిపిస్తోంది. ఉన్నా పని చేస్తుండదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని కంపెనీ ఇచ్చిన రూపం నుంచి ఇలా మార్చడాన్ని ఒప్పుకోదు. ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ సర్వేయర్ కిందికి వంగి చూసిన రోజున ఇదే ప్రశ్నగా మారొచ్చు. భయపెట్టడానికి చెప్పడం లేదు, గాస్కెట్ మార్చడానికి డౌన్‌పైప్ ఎలాగూ విప్పుతారు, అప్పుడు లోపల చూసి మీరే నిర్ణయించుకోండి.

ఇక ఆ 13 దగ్గరికి వద్దాం.

11.8 అంటే ల్యాంబ్డా 0.80. 13 అంటే 0.88. బూస్ట్‌లో ఇంజన్‌కి సమం కన్నా ఎక్కువ పెట్రోల్ పోసేది పికప్ కోసమే కాదు. అదనంగా పడ్డ పెట్రోల్ ఆవిరవుతూ లోపలి వేడిని లాగేసుకుంటుంది, నాకింగ్‌ని (ఇంధనం అదుపు తప్పి పేలడాన్ని) దూరం పెడుతుంది, టర్బో చక్రం మీదికి వెళ్ళే పొగ వేడిని తగ్గిస్తుంది. అందుకని ఆర్‌పీఎం, లోడ్ పెరిగేకొద్దీ గేజ్ ఉన్నచోటే ఉండాలి, కుదిరితే ఇంకాస్త రిచ్‌వైపు పోవాలి. మీది అటు కాకుండా, సరిగ్గా వేడి ఎక్కువయ్యే చోట లీన్‌వైపు జరుగుతోంది. ఇది కూడా ఆ గాస్కెట్ లీకే కావచ్చు కదా అంటారేమో. లీక్ చేసే మాయ లోడ్ పెరిగేకొద్దీ తగ్గుతుందని ఇప్పుడే చూశాం. ఇది లోడ్‌తో పాటు పెరుగుతోంది. దీన్ని లీక్ నెత్తిన వేయలేం.

అలాగని రేపు పిస్టన్ పగిలిపోతుందని కూడా అనను. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ సిలిండర్ లోపలే ఆవిరవుతుంది కాబట్టి పాత పద్ధతి ఇంజన్ల కన్నా కొంచెం లీన్‌గా నడిచినా తట్టుకుంటుంది. 0.88 అన్న అంకె ఒక్కటే దోషి కాదు. ఆ క్షణంలో ఈసీయూ ఎంత అడిగింది, ఎంత వచ్చింది అన్నదే అసలు ప్రశ్న. బావగారి 11.5 సూత్రంలో లేనిది ఇదే. ఆయన బండి వేరు, ఆయన మ్యాప్ వేరు, ఆయన పోయించే పెట్రోల్‌లో ఇథనాల్ పది శాతమే. ఆయన ఇంజన్‌కి ఎవరో రాసిన అంకెని మీ ఇంజన్‌కి చట్టంలా పంపిస్తున్నారు. ప్రేమతోనే లెండి.

అడిగిందేమిటో తెలుసుకోవడానికి లాగింగ్ చేయాలి, అంటే అంకెలన్నీ రికార్డ్ చేయాలి. ఖాళీ రోడ్డు మీద, పక్కన ఇంకొకరు ఫోన్ పట్టుకుని ఉండగా, మూడో గేర్‌లో చివరిదాకా తొక్కి ఒకే ఒక్క పుల్, వేగ పరిమితి లోపల. గేజ్ వైపు మీరు చూడకూడదు. వంద స్పీడ్‌లో ఒక్క సెకను కళ్ళు పక్కకి తిప్పితే బండి 28 మీటర్లు గుడ్డిగా వెళ్ళిపోతుంది. పైగా పొగ సెన్సర్ దాకా రావడానికి, గేజ్ దాన్ని చూపించడానికి కొంత ఆలస్యం ఉంటుంది కాబట్టి కంటితో పట్టుకున్న అంకె ఏ ఆర్‌పీఎంది అన్నది కూడా మీకు కచ్చితంగా తెలియదు. యాప్‌లో రికార్డ్ చేయాల్సినవి ఇవి: ఆర్‌పీఎం, ఈసీయూ కోరిన ల్యాంబ్డా, ముందు సెన్సర్ చూసిన ల్యాంబ్డా, బూస్ట్, ఇంధన రైలులో (ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే గొట్టంలో) కోరిన ప్రెషర్, ఉన్న ప్రెషర్, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం), మిస్‌ఫైర్ (మంట సరిగ్గా పడకపోవడం) లెక్క. మామూలు యాప్‌లో రైల్ ప్రెషర్ కోరినది దొరక్కపోతే మీ బండి కంపెనీకి సరిపోయే స్కానర్ ఉన్న షెడ్‌లో తీయించండి.

ఆ లాగ్‌లో మూడు రకాల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది.

కోరిందీ 0.88, వచ్చిందీ 0.88 అయితే పెట్రోల్ సరఫరా బాగుంది, రీమ్యాప్ చేసినాయనే అలా రాశారు. అప్పుడు టైమింగ్ గడి చూడండి. ఈసీయూ పై ఆర్‌పీఎంలో టైమింగ్ వెనక్కి లాగకుండా ఉంటే ఆయనకు ఏదో లెక్క ఉండొచ్చు. లాగుతుంటే నాకింగ్ మొదలైనట్టే, ఆ లెక్క మీ ఇంజన్‌కి కుదరలేదు.

కోరింది 0.80, వచ్చింది 0.88 అయితే అడిగిన పెట్రోల్‌లో సుమారు తొమ్మిది శాతం ఇంజన్‌కి చేరడం లేదు. నా అనుమానం ఎక్కువగా దీని మీదే. 2022 మొదట్లో మ్యాప్ రాసినప్పుడు బంకుల్లో పోసింది ఎక్కువలో ఎక్కువ పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఈ20 మన దేశంలో 2023లో కొన్ని బంకుల్లో మొదలై 2025కల్లా దాదాపు అంతటా వచ్చేసింది. 14.1 నుంచి 13.5కి రావడమంటే అదే గాలికి నాలుగు శాతం ఎక్కువ ఇంధనం కావాలి. మామూలుగా వెళ్ళేటప్పుడు ఈసీయూ ట్రిమ్‌తో ఆ నాలుగూ కలిపేసుకుంటుంది, మీ ప్లస్ 6లో పెద్ద వాటా అదే అయ్యుండొచ్చు. కానీ రీమ్యాప్‌తో పంపుని దాని చివరి అంచు దాకా లాగేసి ఉంటే, పైన కలపడానికి ఏమీ మిగలదు. అంచున నడిచే పంపుకి వయసు కూడా మీద పడింది. లాగ్‌లో రైల్ ప్రెషర్ 5000 దగ్గర జారిపోతూ కనిపిస్తే ఇక సందేహం లేదు. ట్యాంకు పంపు, ఫిల్టర్ ముందు చూసి, తర్వాతే ఇంజన్ మీది హై ప్రెషర్ పంపు మీదికి వెళ్ళమనండి. మొదటి రెండూ చవక, మూడోది కాదు.

మూడోది స్పార్క్. బూస్ట్ ఎక్కువై ప్లగ్ సరిగ్గా మంట పెట్టలేకపోతే ఆ సిలిండర్‌లోని పెట్రోలూ, ఆక్సిజనూ రెండూ కాలకుండా బయటికొస్తాయి. సెన్సర్ ఆక్సిజన్‌ని చూసి లీన్ అంటుంది. అప్పుడు ఎవరైనా పెట్రోల్ పెంచితే రోగం ముదురుతుంది. నేనూ ఒకప్పుడు ఇలా బోర్లా పడ్డవాణ్ణే. లీన్ అనుకుని మిక్చర్ పెంచుకుంటూ పోయాను, చివరికి చూస్తే పోయింది ఇగ్నిషన్ కాయిల్. మీ బండి పై ఆర్‌పీఎంలో జర్క్ ఇవ్వడం లేదని రాశారు కాబట్టి దీనికి అవకాశం తక్కువ. అయినా మిస్‌ఫైర్ లెక్క సున్నా అని కళ్ళారా చూసుకోండి, ప్లగ్‌లు ఎప్పుడు మార్చారో తెలియకపోతే మార్చేయండి.

ఇవన్నీ తేలేదాకా బండి షెడ్‌లో పెట్టేయక్కర్లేదు. ఆఫీసుకు వెళ్ళండి, కూరగాయలకు వెళ్ళండి. ఒక్క ఆ చివరిదాకా తొక్కడం మాత్రం లాగ్ కోసం తప్ప చేయకండి. తేలాక మీ ముందు కొన్ని దారులుంటాయి.

బండిని కంపెనీ మ్యాప్‌కి తిరిగి తీసుకెళ్ళొచ్చు. పంపు మీద భారం తగ్గుతుంది, చాలావరకు ఆ 13 దానంతటదే కిందికి దిగొచ్చు. పోయేది పికప్. రీమ్యాప్ బండికి అలవాటుపడ్డ కాలికి మొదటి నెల చాలా డల్‌గా అనిపిస్తుంది. పంపు నిజంగా అరిగిపోయి ఉంటే మాత్రం ఇది జబ్బుని దాస్తుందే తప్ప నయం చేయదు, కాబట్టి మార్చాక ఇంకోసారి లాగ్ తీయాలి.

లేదా పంపు, ఫిల్టర్, ప్లగ్‌లు సరిచేసి, ఇప్పుడు పోస్తున్న పెట్రోల్ మీదే మళ్ళీ మ్యాప్ రాయించుకోవచ్చు, బూస్ట్ కాస్త తగ్గించి. దీనికి డబ్బూ ఓపికా కావాలి, అన్నిటికన్నా లాగ్ అడిగితే చూపించే ట్యూనర్ కావాలి. “గేజ్ పీకేయ్” అన్నాయన మంచివాడా కాదా అని మనం ఇక్కడ తేల్చలేం. అడ్డదిడ్డంగా బిగించిన గేజ్‌లు చూసి విసిగిపోయిన ట్యూనర్లు నిజంగానే ఉన్నారు. ఆయన దగ్గరికే మళ్ళీ వెళ్ళండి. ఈసారి 16.2 గురించి ఎత్తొద్దు. లాగ్ ముందు పెట్టి “అన్నా, 5200 దగ్గర కోరింది ఇంత, వచ్చింది ఇంత, ఎందుకు?” అని అడగండి. అప్పుడు కూడా గేజ్ పీకమంటే వేరే షెడ్ చూసుకోండి.

అమ్మేయడమూ ఒక దారే. అందులో తప్పేమీ లేదు. కానీ ఇప్పుడున్న స్థితిలో అమ్మితే కొనేవాళ్ళకు రీమ్యాప్ సంగతి, డౌన్‌పైప్ సంగతి చెప్పే అమ్మాలి, ధర తగ్గుతుంది. చెప్పకుండా అమ్మితే, మీకు అమ్మినాయన మీకు చేసిందే మీరు ఇంకొకరికి చేస్తారు. నా లెక్కలో గాస్కెట్ వేయించి, ఒక్క లాగ్ తీసి, ఏం తేలిందో చూశాక అమ్మాలా వద్దా అని ఆలోచించడం మేలు. ఇప్పుడు మీరు భయంతో అమ్ముతారు, అలాంటి బేరం ఎప్పుడూ నష్టమే.

గేజ్ పీకేస్తే ఏమవుతుందంటారా? ఇంజన్‌కి ఏమీ కాదు, అది కంపెనీ సెన్సర్‌తోనే నడుస్తుంది. ఆ 13 కూడా అలాగే ఉంటుంది, మీకు కనబడదంతే. ఉంచుకుంటే మాత్రం ఫ్యూజ్ పీకడం ఈ రోజే మానేయండి. ఆ సెన్సర్ లోపల ఓ హీటర్ ఉంటుంది, దాన్ని ఏడు వందల డిగ్రీలకు పైగా కాలుస్తూ మసిని దరి చేరనివ్వదు. ఇంజన్ నడుస్తుండగా కరెంటు కట్ చేస్తే చల్లారిన సెన్సర్ మీద మసి పేరుకుంటుంది, కొన్నాళ్ళకు నిజంగానే తప్పు అంకెలు చెప్పడం మొదలెడుతుంది. ఎవరైనా బండెక్కినప్పుడు చూడకూడదనుకుంటే గేజ్ ముఖం మీద నల్ల టేప్ అంటించండి. మీ ఆవిడ అడిగిందీ అంతేగా. ఇంకొకటి, సెన్సర్‌ని గొట్టం అడుగు వైపు నుంచి బిగించారని రాశారు. పొద్దున చల్లటి గొట్టంలో నీళ్ళు చేరేది అక్కడే, వేడి సెన్సర్ మీద చుక్క పడితే లోపలి పింగాణీ పగులుతుంది. డౌన్‌పైప్ ఎలాగూ దిగుతుంది కాబట్టి, గడియారంలో పది గంటలకూ రెండు గంటలకూ మధ్య వచ్చేలా పై వైపుకి మార్పించండి. సిలికాన్ సీలెంట్ పూయనివ్వకండి, దాని ఆవిరి కూడా సెన్సర్‌కి విషమే.

మొదటి పని గాస్కెట్. శనివారం పొద్దున, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు నాన్నగారిని పక్కన పెట్టుకుని బానెట్ ఎత్తండి. ఒకరు స్టార్ట్ చేయండి, ఒకరు వినండి. వినేది ఆయనే కావాలి. గాస్కెట్ మార్చాక ఐడ్లింగ్‌లో గేజ్ ఎంత చూపిస్తోందో, పైన ఆ లాగ్‌లో కోరిందీ వచ్చిందీ ఎంతెంతో నాకు రాయండి. గేజ్ ఐడ్లింగ్‌లో ఒకటికి దిగకపోతే నేను చెప్పిందాంట్లో ఏదో తప్పుంది, మళ్ళీ మొదటి నుంచి చూద్దాం.